ఒక్క పాఠకుడి కోసం

తెలుగు ఎం.ఏ. చదివిన రోజుల్లో రాసిన వ్యాసాలను ఇన్నేళ్ళ తర్వాత తిరగేస్తే ఏది చెల్లిపోయింది, ఏది నిలిచింది?

‘సాహిత్యం సమాజానికి దర్పణం’ అన్న వాక్యం రాయకుండా తెలుగు ఎం.ఏ. పూర్తిచేసినవారు ఎవరైనా ఉంటే వారికి ముందుగా ఓ దండం. తక్కిన మనమంతా రాసినవాళ్ళమే. నన్నయ మీద ప్రశ్న వస్తే అవతారికలో ఆయన తన కవిత్వం గురించి చెప్పుకున్న మూడు గుణాలనూ మూడు సైడ్ హెడ్డింగులు చేశాం. తిక్కన అనగానే నాటకీయత, శ్రీనాథుడు అనగానే సీసం, పోతన అనగానే భక్తి. మహాప్రస్థానం మీద రాయమంటే సగం మందిమి శ్రీశ్రీని పక్కనపెట్టి, ముందుమాటగా చలం రాసిన ‘యోగ్యతాపత్రం’ మీద రాసి వచ్చేవాళ్ళం. 1950లో పుస్తకం వచ్చింది మొదలు ఆ ముందుమాట ఎన్ని తరాల విద్యార్థులను గట్టెక్కించిందో లెక్కలేదు.

ఈ కథనం కోసం నా పాత కాగితాలూ, నాతో చదివిన కొందరు మిత్రుల కాగితాలూ ముందేసుకుని కూర్చున్నాను. అసైన్‌మెంట్లు, సెమినార్ పత్రాలు, ప్రాజెక్టు నివేదికలు, ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసాలు. అన్నీ తొంభైల నాటివి. గుండుసూది గుచ్చిన చోట తుప్పు దిగింది, ఠావు కాగితం మడత దగ్గర చిరిగింది. అక్షరాలు మాత్రం ముత్యాలే. దస్తూరీ బాగుంటే సగం మార్కులు వచ్చినట్టే అని నమ్మిన తరం మాది. చదువుతుంటే మొదట నవ్వొచ్చింది. కాసేపటికి అనుమానం వచ్చింది, పైన ఎవరి పేరున్నా లోపల రాసినవాడు ఒక్కడేనా అని.

అంత పోలిక. భీమవరం వైపు నుంచి వచ్చినవాడూ, పాలమూరు అమ్మాయీ, మదనపల్లె కుర్రాడూ ఒకే గొంతుతో రాశారు. హాస్టల్లో ఎవరి యాస వారిది, ఎవరి వెటకారం వారిది. రాత్రి మెస్ దగ్గర రావిశాస్త్రి గొప్పా, కొడవటిగంటి గొప్పా అని గొంతులు చించుకున్నవాళ్ళే తెల్లారి కాగితం మీద ‘ఉభయులూ తమతమ రీతుల్లో తెలుగు కథను సుసంపన్నం చేశారు’ అని రాజీపత్రం రాసిచ్చారు. ఆ రాత్రి వాదన ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఇవాళ ఈ పత్రిక అనుబంధంలో వేసేవాళ్ళం. తెల్లారి రాసిన కాగితం వేయలేం.

అడిషనల్ షీట్ల చదువు

పరీక్ష హాలు ఒకసారి గుర్తు చేసుకోండి. బయటికి రాగానే తోటివాడు అడిగే మొదటి ప్రశ్న ‘ఎలా రాశావ్’ అని కాదు, ‘అడిషనల్స్ ఎన్ని తీసుకున్నావ్’ అని. చివరి గంట కొట్టేలోపు ఆ షీట్లను వరుసగా పేర్చి దారం కట్టడమే ఒక విద్య. పద్యం వేరే రంగు సిరాతో, దాని కింద స్కేలుతో గీత. పద్యం ఒక్కటి పూర్తిగా గుర్తొస్తే పేజీ నిండినట్టే, మార్కు పడినట్టే. సందర్భసహిత వ్యాఖ్య అయితే కవి పరిచయం, సందర్భం, అర్థం, విశేషం. ఆ వరుస తప్పకూడదు. ‘విశేషం’ దగ్గర ఏమీ తోచకపోతే అలంకారం పేరు ఒకటి వేసేవాళ్ళం. ఉపమ ఎక్కడైనా సరిపోతుంది.

ఇప్పుడు ఒక కళాశాలలో తెలుగు చెబుతున్న మిత్రుడు నవ్వుతూ అన్న మాట: “పేపరు తెరిచి రెండు పేరాలు చదివితే ఏ గైడో చెప్పేస్తాను గురూ. గైడులో అచ్చుతప్పు ఉంటే అదీ అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. మార్కులు వేయకపోతే ఎలా, విషయం ఉంది కదా!”

విషయం ఉంది. నిజమే. తంటా అక్కడే. ఉత్తరం రాసేవాడు అవతలివాడికి తెలియనిది చెబుతాడు. పత్రికకు రాసేవాడు పాఠకుడికి తెలియనిది ఒక్కటైనా చెప్పాలని చూస్తాడు. పరీక్ష వ్యాసానిది వేరే దారి. దాన్ని చదివేది ఒక్కరే. ఆ ఒక్కరికీ ఆ సంగతి ముందే తెలుసు. ఆయనకు తెలిసినదాన్నే, తెలిసిన మాటల్లో, తెలిసిన వరుసలో తిరిగి అప్పజెప్పాలి. కొత్తగా ఏదైనా అంటే తెలియక అన్నాడేమోనన్న అనుమానం వస్తుంది. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు అంత సాహసం ఎందుకు చేస్తాడు? మా వ్యాసాలు పేలవంగా ఉన్నాయంటే కారణం చిన్నతనం కాదు. ఆ వయసులో మాకు చెప్పడానికి చాలా ఉంది. వినేవాళ్ళు లేరు.

విద్యార్థి ఏ భాషలో రాయాలి?

తెలుగునాట విద్యార్థి వ్యాసం చిన్న విషయమేమీ కాదు. వందేళ్ళ కిందట మహామహులు దాని మీదే రెండు శిబిరాలుగా చీలారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్‌లో, స్కూలు ఫైనల్లో విద్యార్థులు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్నది తగవు. నన్నయ నాటి నుంచి వస్తున్న కావ్యభాషలోనా, చదువుకున్నవాళ్ళు ఇంట్లో మాట్లాడే భాషలోనా? ఒకవైపు జయంతి రామయ్య పంతులు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, వేదం వేంకటరాయ శాస్త్రి వంటి పండితులు. మరోవైపు గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విద్యాశాఖ అధికారి జె.ఎ. యేట్స్. విశ్వవిద్యాలయం వేసిన కాంపోజిషన్ కమిటీలో మెజారిటీ అభిప్రాయంతో ఏకీభవించక గురజాడ 1914లో ఇంగ్లీషులో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాసిచ్చారు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. కన్యాశుల్కం రాసిన చేయి చివరి ఓపికంతా కూడదీసుకుని పిల్లల పరీక్ష కాగితం కోసం పోట్లాడింది. గురజాడ మీద వ్యాసాలు రాసినప్పుడు మాలో ఒక్కరూ ఈ సంగతి ఎత్తలేదు. ఆయన పోట్లాడింది మా కోసమేనని మాకు తోచలేదు.

ఆ విడత గెలుపు గ్రాంథికానిదే. గిడుగు వదలలేదు. గ్రాంథికంలోనే రాయాలని పట్టుబట్టే పండితులు స్వయంగా రాసిన పుస్తకాల్లో వారి వ్యాకరణానికే నిలవని ప్రయోగాలు ఏరి చూపించారు. 1919లో పర్లాకిమిడి నుంచి ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి మరీ వాదించారు. తనది కాని భాషలో రాయమంటే పండితుడికైనా తప్పులు తప్పవు, పిల్లవాడు ఇక బట్టీ తప్ప ఏం చేస్తాడన్నది ఆ వాదంలోని అసలు పట్టు.

వాడుకభాష చివరికి విశ్వవిద్యాలయాల్లోకీ వచ్చింది. మేం రాసినదంతా వ్యావహారికమే. ‘వ్రాసెను’ పోయి ‘రాశాడు’ వచ్చింది. బట్టీ మాత్రం ఎక్కడికీ పోలేదు, బట్టలు మార్చుకుంది. గ్రాంథికం రోజుల్లో అరువు తెచ్చుకున్నవి క్రియారూపాలు. మా రోజుల్లో అరువు తెచ్చుకున్నవి అభిప్రాయాలు. గిడుగు వాదన సగమే నెగ్గిందని నా లెక్క.

ఎర్ర సిరా

నా కాగితాల్లో ‘కన్యాశుల్కం – మధురవాణి పాత్ర చిత్రణ’ అనే అసైన్‌మెంటు ఒకటుంది. ఇది రాయని తెలుగు విద్యార్థి ఉండడు కాబట్టి దాన్నే కాస్త దగ్గరగా చూద్దాం.

మొదటి పేజీ నిండా నాటకం పుట్టుపూర్వోత్తరాలు: 1892లో తొలి ప్రదర్శన, 1897లో మొదటి కూర్పు, 1909లో పెంచి, మార్చి వేసిన రెండో కూర్పు. తప్పేమీ లేదు. ఏ గైడులోనైనా ఇంతే. రెండో పేజీలో మధురవాణికి వేసిన విశేషణాల దండ. మూడో పేజీలో విమర్శకుల అభిప్రాయాలు, ఒకరివి ఒకరికి పొసగకపోయినా వరుసగా. నాలుగో పేజీ మధ్యలో ఉన్నట్టుండి ఒక పేరా వేరే మనిషి రాసినట్టు ఉంది.

మా వీధి చివర ఒక ముసలావిడ ఉండేది. ఏడెనిమిదేళ్ళప్పుడు తండ్రి వయసువాడికిచ్చి పెళ్ళి చేశారట. పన్నెండేళ్ళు నిండకుండానే బొట్టు చెరిపేశారు. శారదా చట్టం 1929లో వచ్చింది, ఆవిడ పెళ్ళి అంతకు చాలా ముందే అయిపోయింది. నా చిన్నతనంలో ఆవిడ పెరట్లో కూర్చుని పిల్లలకు సామెతలు చెప్పేది, పెద్దవాళ్ళ పెళ్ళి బేరాలు యాక్షన్ చేసి చూపించి నవ్వించేది. వియ్యంకుల నడుమ డబ్బు దగ్గర మాట ఎలా తడబడుతుందో, ఎవరు ముందు కిందికి చూస్తారో ఆవిడ నటించి చూపిస్తే మేం పొట్ట చేత్తో పట్టుకునేవాళ్ళం. ఎం.ఏ.లో నాటకం చదివాక ఆవిడే గుర్తొచ్చింది. ఇందులో నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడను చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదని, బేరంలో సరుకుగా నిలబడ్డవాళ్ళకు బేరగాళ్ళ అసలు రంగు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని, మధురవాణి తెలివి కూడా ఆ జాతిదేనని ఆ పేరాలో నాలుగైదు వాక్యాలు రాశాను. పక్కన మార్జిన్లో ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట ఉంది: ‘అప్రస్తుతం’.

దిద్దినవారి మీద ఫిర్యాదు లేదు. ఆయన బల్ల మీద మా తరగతి కట్ట మొత్తం ఉంది. పాత్ర చిత్రణ అడిగితే ముసలావిడ కథ ఎందుకని ఆయనకు అనిపించడం సహజం. కానీ ఇవాళ ఆ అసైన్‌మెంటు మొత్తంలో మళ్ళీ చదవదగ్గది ఆ ఒక్క పేరానే. తక్కినది నేను రాయకపోయినా తెలుగు సాహిత్యానికి వచ్చిన లోటేమీ లేదు.

చదువుకునే రోజుల్లోనే నిలిచిన రాతలు

అలాగని విద్యార్థి రాతలన్నీ చిత్తుకాగితాలే అంటే అన్యాయం. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతూ, ఇరవై ఏళ్ళు నిండకముందే కట్టమంచి రామలింగారెడ్డి కళాశాల తెలుగు సమాజం పెట్టిన పోటీ కోసం ‘ముసలమ్మ మరణం’ రాశారు. పురాణ కథ కాదు, రాజుల కథ కాదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగకుండా ప్రాణమిచ్చిన ఒక కాపు కోడలి కథ. 1900లో అచ్చయింది. ఇవాళ ఆధునిక తెలుగు కవిత్వ చరిత్ర చెప్పేవారు ఆ చిన్న కావ్యాన్ని దాటి వెళ్ళలేరు. విచిత్రమేమంటే, తర్వాతి రోజుల్లో ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షుడయ్యారు. ఆయన విద్యార్థి రచన మీద తరతరాల విద్యార్థులు పరీక్ష వ్యాసాలు రాశారు.

ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు డాక్టరేటు కోసం తెలుగు జానపద గేయ సాహిత్యాన్ని ఎంచుకున్నప్పుడు, పాటలు కట్టే పామరులకు సాహిత్యమేమిటని పెదవి విరిచే కాలం అది. ఆయన ఊళ్ళు తిరిగి వినివచ్చిన పాటలు గ్రంథంలో చేరాయి. అందులో ఉన్న సరుకు పరీక్షకుల దగ్గర లేదు. సి. నారాయణరెడ్డి డిగ్రీ దాకా చదివింది ఉర్దూ మాధ్యమంలో. ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాల మీద, ప్రయోగాల మీద ఆయన చేసిన పరిశోధన 1967లో పుస్తకంగా వచ్చి, ఆ తర్వాతి విద్యార్థులకు గైడు లేని లోటు తీర్చింది. ఇది మెచ్చుకోలూ అవును, దెప్పిపొడుపూ అవును. వెల్చేరు నారాయణరావు పరిశోధన ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ పేరుతో 1978లో వచ్చినప్పుడు దానితో తగవు పడినవారే ఎక్కువ. తగవు పడేలా రాయడం డిగ్రీ కోసం రాసేవారికి మామూలుగా చేతకాదు.

వీళ్ళంతా మహానుభావులు, మనతో పోలికేమిటి అంటారా? నాకు కనిపించే పోలిక ప్రతిభది కాదు. వీళ్ళు చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వచ్చారు: చెరువు కథో, పాటలో, పేచీయో. చదివేవారికి ముందే తెలిసినదాన్ని అప్పజెప్పి ఊరుకోలేదు.

“ఈ పేరా ముందే కొట్టాను సార్”

ఎం.ఫిల్. రాసేనాటికి యూనివర్సిటీ గేటు ఎదుట డీటీపీ సెంటర్లు వెలిశాయి. చేతిరాత ప్రతి ఇస్తే అను ఫాంటులో, పేజ్‌మేకర్‌లో కొట్టి, ప్రూఫు ఇచ్చి, స్పైరల్ బైండింగా, బంగారు అక్షరాల అట్టా అని అడిగేవారు. నేను వెళ్ళే చోట ఆపరేటరు ఇంటర్‌తో చదువు ఆపేసిన కుర్రాడు. ‘విషయ ప్రవేశం’ అనే మొదటి అధ్యాయం కొడుతూ కొడుతూ ఆగి, తల తిప్పకుండా అన్నాడు: “ఈ పేరా ముందే కొట్టాను సార్. పోయిన నెల ఒక మేడంగారిది. కాపీ పేస్టు చేసెయ్యనా? మీకు పేజీకి డబ్బులు తగ్గుతాయి.”

మేమిద్దరం ఒకే సాహిత్య చరిత్ర పుస్తకం నుంచి ఎత్తామన్న సంగతి పర్యవేక్షకులు పట్టుకోలేదు, వైవాకు వచ్చినవారు పట్టుకోలేదు. మొత్తం మీద మా సిద్ధాంత వ్యాసాలను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది ఆ కుర్రాడొక్కడే. విశ్వవిద్యాలయాలు ఇప్పుడు కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్లకు డబ్బు పోస్తున్నాయి. మనుషులకు బదులు రాసిపెట్టే యంత్రాలే వచ్చేశాక ఈ గొడవ ఏ రూపం తీసుకుంటుందో ఈ తరం ఉపాధ్యాయులనే అడగాలి. ‘సాహిత్యం సమాజానికి దర్పణం’ మాత్రం యంత్రం కూడా చక్కగా రాస్తుంది.

అప్పటి ఫైళ్ళు కొన్ని ఇంకా ఉన్నాయి. తెరిస్తే తెలుగు ఉండదు. ఫాంటు లేని కంప్యూటర్లో అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ, బ్రాకెట్లూ, డాలరు గుర్తులే. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి గానీ ఒత్తులూ గుణింతాలూ మళ్ళీ చేత్తో సరిచూసుకోవాల్సిందే.

అనుబంధం–1

ఇంతకీ నా ముందున్న కట్టలో అన్నిటికంటే విలువైనది నాది కాదు, శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన సహాధ్యాయినిది. వాళ్ళ మండలంలోని స్త్రీల పాటల మీద ఆమె రాసిన ప్రాజెక్టు. మొదటి మూడు అధ్యాయాలు మా అందరివీ లాంటివే: జానపద సాహిత్య నిర్వచనాలు, వర్గీకరణ, పూర్వ పరిశోధనలు. ఒకరిద్దరు పాశ్చాత్యుల పేర్లు కూడా పడ్డాయి. వాటిని దాటేయండి. వెనక అట్టకు ముందు ‘అనుబంధం–1’ అని ఉంది.

అరువు టేప్‌రికార్డరు పట్టుకుని సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి ఎక్కించిన పాటలన్నీ అక్కడ ఉన్నాయి. నాట్లప్పుడు పాడేవి, దంచేటప్పుడు పాడేవి, అప్పగింతలవి, లాలి పాటలు. ప్రతి పాట కింద పాడినావిడ పేరు, వయసు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుంది. ఒకచోట పాట సగంలో ఆగిపోతే ‘ఇక్కడ దగ్గు వచ్చి ఆపింది, తర్వాత చరణం గుర్తు రాలేదు’ అని రాసుకుంది. మరోచోట పాడినావిడ అన్న మాటను ఉన్నదున్నట్టు పెట్టింది: “ఏటమ్మా, ఈ పాటలు నీకెందుకు? నీకు సినిమా పాటలు రావేటి?”

పర్యవేక్షకుల సూచన మేరకు ఈ అనుబంధాన్ని చివరికి నెట్టానని, మొదట్లో ఇదే రెండో అధ్యాయమని ఆమె ఈమధ్య ఫోనులో చెప్పింది. పాడినవాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరట. ఆ ఊళ్ళలో నాట్లు యంత్రాలు వేస్తున్నాయి, కొందరు విత్తనాలు వెదజల్లేస్తున్నారు. నాటు పాటకు పనే లేదు. క్యాసెట్లు ఎప్పుడో బూజు పట్టి పోయాయి. మిగిలింది ఆ కాగితాలే. నిర్వచనాల అధ్యాయం ఏ లైబ్రరీలోనైనా దొరుకుతుంది. ఆ దగ్గు దగ్గర ఆగిన పాట ఇంకెక్కడా దొరకదు.

ఇలాంటివి మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల అల్మరాల్లో ఎన్నో పడి ఉన్నాయి. నేత పనివారి మాటలు, చేపల వేటలో వాడే మాటలు, ఒక్క తాలూకా సామెతలు, ఒక్క గుడి స్థలపురాణం, ఒక్క కుటుంబం దగ్గర మిగిలిన తోలుబొమ్మలాట పద్యాలు. డాక్టరేటుకు చిన్నవైపోయే ఈ అంశాలకు ఎం.ఫిల్. చక్కగా సరిపోయేది. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలు ఎం.ఫిల్.ను ఎత్తేశాయి. ఎం.ఫిల్. పేరుతో జరిగిన కాలక్షేపం చాలానే ఉంది, కాదనను. కానీ ఒక ఊరిని, ఒక వృత్తిని పట్టుకుని ఏడాదిలో రాసే చిన్న పుస్తకానికి విశ్వవిద్యాలయంలో ఇక చోటు లేకుండా పోయింది. ఇది నష్టమే. పీహెచ్‌డీ గ్రంథాలైతే ‘శోధగంగ’ వెబ్‌సైట్లో చేరుతున్నాయి. ఎం.ఏ. ప్రాజెక్టులనూ పాత ఎం.ఫిల్. వ్యాసాలనూ పట్టించుకునే దిక్కు లేదు. స్థలం చాలక శాఖలు వాటిని కట్టలు కట్టి బయట పెడుతుంటే తూకానికి పోతున్నాయి.

కాబట్టి పాత విద్యార్థులకు ఒక మనవి. మీ అటక మీద మీ ప్రాజెక్టు ప్రతి ఉంటే ఈ ఆదివారం దించండి. మొదటి అధ్యాయాలు చదివి సిగ్గుపడనక్కర్లేదు, వాటిని వదిలేసి వెనకనుంచి తెరవండి. సేకరణ ఉన్న పేజీలను వెలుతురులో ఫోనుతో ఫొటో తీయండి. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం ఇంకా గుర్తున్నంతలో పక్కన రాయండి. ఒక ప్రతి మీ ఊరి శాఖా గ్రంథాలయానికి, ఒకటి మీరు చదివిన శాఖకు ఇవ్వండి. తెలుగు శాఖల అధిపతులకు మరో మనవి: ఏటా వచ్చే ప్రాజెక్టుల్లో అనుబంధాలను మాత్రమైనా స్కాన్ చేసి పెట్టండి. విద్యార్థి ఊరి నుంచి తెచ్చినదాన్ని వెనక్కి నెట్టకుండా రెండో అధ్యాయంగా ఉండనివ్వండి.